ఫోటోలో కాలు కనపడాలన్నారు

"బయటికి కనిపించే వైకల్యం ఉన్నవాళ్ళనీ, కనిపించని వైకల్యం ఉన్నవాళ్ళనీ మన జనం ఒకేలా చూస్తారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి" అని మీరు అడిగారు. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. నాకు పోలియో కాలు. మా చెల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే ఊళ్ళో పెరిగినా నన్ను చూసి జాలిపడతారు, దాన్ని చూసి అనుమానపడతారు. ఈ రెండిట్లో జాలే నయం అంటాను నేను. చెల్లి ఒప్పుకోదు. ఇరవై నాలుగు గంటలూ జాలి భరించాల్సి వస్తే నాకు పిచ్చెక్కుతుంది అంటుంది. ఆ తగువు మా మధ్య ఇంకా తెగలేదు.

ముందు నా సంగతి. మాది తెనాలి దగ్గర పల్లె. 1983లో నాకు ఏడాదిన్నర వయసప్పుడు జ్వరం వస్తే ఆర్‌ఎంపీ సూది వేశాడట. మర్నాటికి కుడికాలు పడిపోయింది. మా అమ్మ ఇప్పటికీ ఆ సూదినే తిడుతుంది. అసలు కారణం పోలియో వైరస్సే. కానీ ఆ జ్వరంలో కండకి సూది పొడిస్తే కాలో చెయ్యో చచ్చుబడే ప్రమాదం పెరుగుతుందని చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. అమ్మ తిట్లలో కొంత న్యాయం ఉందన్నమాట. మా ఈడువాళ్ళలో ఊరికి ఇద్దరు ముగ్గురు ఇలా ఉండేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు ఈ జబ్బే తెలీదు. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, పోలియో లేదని ప్రకటించింది 2014 మార్చిలో. అందుకే నా కాలికున్న ఇనప పట్టీలు చూసి చిన్నపిల్లలు "అంకుల్, ఇదేంటి?" అని తిన్నగా అడిగేస్తారు. పక్కనున్న తల్లి గబుక్కున వాళ్ళ నోరు మూస్తుంది. నాకైతే ఆ పిల్లలతోనే హాయి. పట్టీ విప్పి చూపిస్తే రెండు నిమిషాలు చూసి ఆటకు పోతారు.

ఊళ్ళో ఇద్దరు శీనులం. వాడు పొడుగు శీను, నేను కుంటి శీను. మీకు వినడానికి ఇబ్బందిగా ఉండొచ్చు గానీ నాకు ఆ పేరు పెద్దగా గుచ్చుకోలేదు. ఆ పేరుతోనే క్రికెట్‌కి పిలిచేవాళ్ళు. బ్యాటు నాది, పరుగు ఇంకొకడిది. ఆ పేరుతోనే కొట్లాటకీ వచ్చేవాళ్ళు. నన్ను కోసింది "పాపం" అనే మాట. పెళ్ళిళ్ళకి వెళ్తే మా మేనత్తలు గడ్డం పట్టుకుని "బంగారంలాంటి పిల్లోడు, ఆ కాలొక్కటీ బాగుంటేనా" అనేవాళ్ళు. మిగతా మనిషి మీద వాళ్ళకేం ఆసక్తి ఉండేది కాదు.

రైల్లో కొత్తవాళ్ళ ప్రశ్నలు ఒక వరసలో వస్తాయి. పుట్టుకతోనేనా? ఎక్కడా చూపించలేదా? పెళ్ళయిందా? అయింది అంటే కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "ఆవిడకేమన్నా లోపమా?" మొదట్లో మండిపోయేది. ఇప్పుడు "ఉందండీ, నన్ను చేసుకోవడమే" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు ఇంకా ఎక్కువ జాలిపడతారు.

1998లో, పదో తరగతి అయ్యాక, వైకల్యం సర్టిఫికెట్ కోసం తెనాలిలో ఫోటో దిగాను. ఆ కాగితం మీద అంటించే ఫోటోలో లోపం కనపడాలి, అప్పటి పద్ధతి అది. స్టూడియో అతను వెనక నీలం తెర దించి, "ప్యాంటు మోకాలి పైదాకా మడువు బాబూ, కొంచెం ఇటు తిప్పు, ఆఁ, కాలు బాగా పడాలి" అంటూ కాలిని లైటు వైపు తిప్పించాడు. పదహారేళ్ళవాణ్ణి. బయట బల్ల మీద పెళ్ళి ఫోటోల కోసం వచ్చినవాళ్ళు కూర్చున్నారు, తలుపు సగం తెరిచే ఉంది. ఫోటోలో నా మొహం సరిగా రాలేదు, కళ్ళు మూసుకున్నాను. ఇంకోటి తీయమంటే "మొహంతో పనేముందిలే, కాలు వచ్చిందిగా" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, డబ్బులు కూడా సగమే తీసుకున్నాడు. తర్వాత రూల్సు మారి ఇప్పుడు మొహం ఫోటో చాలు. పాత కాగితం మాత్రం నా బీరువాలో ఉంది, 60 శాతం అని రాసి, కళ్ళు మూసుకున్న కుర్రాడి కాలు.

ఇక చెల్లి సంగతి.

2014 మే నెల. చెల్లికి ఇరవై ఏడేళ్ళు, పెళ్ళయి నాలుగేళ్ళు. ఆవకాయ రోజులని పుట్టింటికి వచ్చింది. గుంటూరు నుంచి కారం నేనే ఆడించి తెచ్చాను. అది డబ్బా మూత తీసి, "అన్నయ్యా, ఈ కారమేంటి ఇట్టా వెలిసిపోయింది, కల్తీది అంటగట్టారు నీకు" అంది. నాకు ఒళ్ళు మండింది, మిల్లు దగ్గర నిలబడి ఆడించుకొచ్చిన కారం అది. అమ్మ చూసి బాగానే ఉందే అంది. చెల్లి ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది, ఇంకేం మాట్లాడలేదు. మధ్యాహ్నం పెరట్లో కాయలు కొడుతుంటే కాళ్ళలో బలం లేదంటూ అరుగు మీద కూలబడింది. అప్పుడు నేనన్న మాట: "నేను ఇంత ఇనుము కట్టుకుని తిరుగుతున్నాను. రెండు కాళ్ళూ చక్కగా ఉన్నాయి, నీకేమయిందే?"

జనం తీరు గురించి అడిగారు కదా. ఆ జనంలో నేనూ ఉన్నానని చెప్పడానికే ఇది రాశాను. పదిమంది నోట పాపం అనిపించుకుంటూ పెరిగినవాణ్ణి, తోడబుట్టినదాని మాట నమ్మలేదు. మనసులో ఏ మూలో, ఇంట్లో కష్టం అనేది నా సొత్తు, ఇదేంటి మధ్యలో, అనే కుళ్ళు కూడా ఉందేమో. ఉంది.

ఏడాది పాటు రకరకాలు తిప్పాం. నరాల బలహీనత అని బలం మందులు, దిష్టి అని తాయెత్తు, రక్తం తక్కువని బీట్రూటు. చివరికి హైదరాబాదులో ఎంఆర్‌ఐ తీసి చెప్పారు. మెదడులో, వెన్నుపాములో నరాల మీద ఒక పొర ఉంటుందట, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే పొరపాటుపడి ఆ పొరని కొరికేస్తుందట. కరెంటు తీగ మీద తొడుగు ఊడినట్టు, కబురు సరిగా పోదు. కంటి నరం మీద పడితే ముందు ఎరుపు రంగు వెలిసినట్టు కనిపిస్తుందని ఆ డాక్టరు చెప్పినప్పుడు నాకు కారం డబ్బా గుర్తొచ్చింది. ఒంట్లో వేడి పెరిగితే లక్షణాలు ముదురుతాయి, చల్లబడితే తగ్గుతాయి. మా వైపు మే నెల సంగతి తెలుసు కదా. ఆ ఎండలో, గ్యాసు పొయ్యి ముందు, అట్లు పోస్తూ నిలబడటమంటే ఏమిటో ఆలోచించండి.

ఈ జబ్బుతో పెద్ద చిక్కు అది రోజుకో రకంగా ఉండటం. నా కాలు నిన్నా ఇవాళా ఒకటే, చూసేవాళ్ళకి గందరగోళం లేదు. చెల్లి సోమవారం గుడికి నడిచి వెళ్తుంది, మంగళవారం మంచం దిగి బాత్రూముకి గోడ పట్టుకుని పోతుంది. "నిన్న బాగానే ఉందిగా" అనే మాట దాని అత్తవారింట్లో సుప్రభాతం లాంటిది. అత్తగారు పైకి గట్టిగా ఏమీ అనేది కాదు, వచ్చినవాళ్ళతో మాత్రం "మా కోడలికి పని అనగానే జబ్బు, చీర అనగానే ఆరోగ్యం" అనేది. మా బావ మంచివాడే. కానీ మంచివాడికి కూడా రోజూ తల్లి మాట వినీ వినీ ఎక్కడో అనుమానం మొదలవుతుంది. ఒకసారి నాకు ఫోన్ చేసి, "నిజంగా అంత ఉంటుందా బావా?" అన్నాడు. నేను గట్టిగా మాట్లాడలేకపోయాను. ఆవకాయ రోజు గుర్తొచ్చింది.

చట్టం కూడా చాలాకాలం కళ్ళతో చూసిందే నమ్మింది. 1995 వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, ఆటిజం, చదువులో వచ్చే ఇబ్బందులు, అన్నీ. 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంటే జబ్బు తేలిన రెండేళ్ళ దాకా చట్టం లెక్కలో మా చెల్లికి ఏ వైకల్యమూ లేదు.

వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి చెల్లిని నేనే తీసుకెళ్ళాను. జనవరి, పొద్దున్నే చలి. దానికి ఏడాదిలో అంత మంచి రోజు ఇంకోటి ఉండదు. నడవమన్నారు, నడిచింది. చేతులు చాపమన్నారు, చాపింది. చెయ్యి గట్టిగా పట్టుకోమన్నారు, పట్టుకుంది. వరండాలో అంతా నాకు దారి ఇస్తున్నారు, "మీరు ముందుకెళ్ళండి సార్" అని. వచ్చింది నా కోసం కాదు, ఆమె కోసం అంటే, వెంట వచ్చిన ఆడమనిషి అనుకున్నాం అన్నారు. 30 శాతం రాశారు. పింఛనుకీ, ఉద్యోగంలో రిజర్వేషనుకీ 40 కావాలి. సరే, పింఛను కోసం మేం వెళ్ళలేదు. కాగితం ఉంటే ఇంట్లో నమ్ముతారని వెళ్ళాం. జరిగింది తిరకాసు. అత్తగారు ఆ కాగితం పట్టుకుని, "గవర్నమెంటోళ్ళే చాలదన్నారుగా" అంది.

మధ్యలో ఒక మాట, ఎవరికైనా పనికొస్తుంది. 40 శాతం లేనంత మాత్రాన హక్కులే లేవని కాదు. రాయడానికి చెయ్యి సహకరించని ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 40 శాతం లేకపోయినా అతనికి బదులు రాసే మనిషిని ఇవ్వాల్సిందే అని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్షలోనో ఆఫీసులోనో అవసరమైన వసతి అడిగేవాళ్ళు ఆ తీర్పు సంగతి తెలుసుకుని ఉండటం మంచిది. ఇంకోటి, 2016 చట్టం 92వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు. చెల్లికి ఇది చెబితే నవ్వింది. "వంటింట్లో నలుగురెక్కడుంటారు అన్నయ్యా?"

మీ ప్రశ్నకి సమాధానం ఒకే రోజులో చెప్పమంటే 2022 వేసవిలో విజయవాడలో గడిచిన ఒక రోజు చెబుతాను. డాక్టరుకి చూపించుకుని బస్టాండుకి వచ్చాం. అది మంచినీళ్ళ సీసా కొనడానికి వెళ్ళింది, నేను మెట్ల మీద కూర్చున్నాను, కాలు చాపి. ఒక పెద్దావిడ వచ్చి నా చేతిలో పది రూపాయల నోటు పెట్టి, నా తల నిమిరి వెళ్ళిపోయింది. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, జేబులో పెన్ను, ఏవీ ఆవిడకి కనపడలేదు. తిరిగి ఇద్దామంటే నేను లేచి పట్టీ తాళం వేసుకునేలోపు ఆవిడ సందు తిరిగిపోయింది. చెల్లి వచ్చి విషయం విని, "అయితే సగం నాది, జబ్బు ఇద్దరిదీ" అంది. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. (వైకల్యాన్ని కించపరిచే హాస్యం వేరు, వైకల్యం గురించి అర్థం పెంచే హాస్యం వేరు అని 2024లో సుప్రీంకోర్టు సినిమాల గురించి చెప్పింది. మన సినిమాల్లో నత్తి పాత్రలు చూసి నవ్వడానికీ, ఆ రోజు మా నవ్వుకీ తేడా అదే అనుకుంటాను.)

తర్వాత బస్సు. చెల్లి ముందు ఎక్కి, వికలాంగులకు అని రాసి ఉన్న సీట్లో కూర్చుంది. ఎండకి మొహం పాలిపోయి ఉంది, కాళ్ళు వణుకుతున్నాయి, కానీ చీరకింద కాళ్ళు ఎవరికి కనపడతాయి? వెనకాల నేను టక్ టక్ మంటూ ఎక్కాను. బస్సంతా కదిలింది. ఒకాయన చెల్లిని "అమ్మా, కొంచెం జ్ఞానం ఉండాలి, చదువుకున్నదానివిలా ఉన్నావు, లే" అన్నాడు. నేను చెప్పాను, ఆమె మా చెల్లెలండీ, ఆ సీటు ఆమెకే కావాలి, నేను నిలబడగలను అని. ఆయన నన్ను చూశాడు, దాన్ని చూశాడు. "మీరు మంచోరు కాబట్టి అట్టా అంటారు" అన్నాడు. చెల్లి లేచి నిలబడింది. నేను వద్దన్నా లేచింది. అందరూ చూస్తుంటే కూర్చోవడం కంటే పడిపోవడమే సులువు అని తర్వాత చెప్పింది. మంగళగిరి దాకా కమ్మీ పట్టుకుని నిలబడింది, ఆ సీట్లో నేను కూర్చున్నాను. నాకు సీటు ఇప్పించినందుకు ఆయన మొహంలో ఎంత తృప్తి! ఆయన దుర్మార్గుడు కాదు. ఆ రోజు బస్సులో అందరికంటే మంచివాడు ఆయనే అయ్యుంటాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన భాషలోనే ఈ తేడా ఉందేమో అనిపిస్తుంది. కంటికి కనపడేవాటికి మనకి బోలెడు సామెతలు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. మనసు జబ్బులన్నిటికీ కలిపి పిచ్చి అనే ఒకే మాట, దానికో రాయి. ఇక మా చెల్లిలాంటి వాళ్ళకి మాటే లేదు, ఉన్నవి పనిదొంగ, వేషాలు, నటన. 2015 చివర్లో ప్రధాని దివ్యాంగులు అన్నారు, మా రాష్ట్రంలో ఆ శాఖ పేరు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ. నాకు ఏ విభిన్న ప్రతిభా లేదు, పేకాట కాస్త బాగా ఆడతాను. పేరు మార్చినంత మాత్రాన ఇచ్చే పది రూపాయలు ఆగలేదు. కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడంటారు, చెవి మిషను పెట్టుకుంటే చెవిటోడంటారు. రెండూ చేసేది ఒకే పని కదా.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని చూడండి. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్ల, ఊళ్ళో ఎన్ని మాటలన్నారో ఇంట్లోవాళ్ళే పత్రికలకు చెప్పారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అప్పటినుంచి దండలే దండలు. ఆ పిల్లని తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది. కానీ ఆ మర్యాద కోసం ప్రపంచంలో మూడోది కావాల్సి వచ్చింది. మా చెల్లి పరిగెత్తలేదు, అట్లు కూడా పోయలేకపోతోంది. దానికి మర్యాద ఏ లెక్కన వస్తుంది?

ఇటీవల పరిస్థితి కొంచెం చెడింది కూడా. 2024లో ఒక ప్రొబేషనరీ ఐఏఎస్ అధికారిణి వైకల్యం సర్టిఫికెట్ మీద దేశమంతా రచ్చ జరిగింది. 2025లో మా రాష్ట్రంలో వైకల్యం పింఛన్లు మళ్ళీ తనిఖీ చేసి కొందరికి నోటీసులిచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, నాకూ తెలుసు, ఏరెయ్యాల్సిందే. కానీ మా ఊరి టీకొట్టు దగ్గర ఆ కబుర్లు సాగినప్పుడు నన్నెవరూ అనుమానించరు, "నీది అసలుదిలే శీనూ" అంటారు. అనుమానం పడేది ఎప్పుడూ బయటికి ఏమీ కనిపించనివాడి మీదే. వినికిడి తక్కువైనవాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూస్తారు, తిరిగితే దొంగ అని.

ఏం చేయాలి అని మీరు అడగలేదు, అయినా ఒకటి రెండు. నాలాంటివాణ్ణి మెట్లెక్కేటప్పుడు చెప్పకుండా చంకలో చెయ్యి వేసి లేపకండి, తూకం తప్పి పడతాను, రెండుసార్లు పడ్డాను. "ఏమన్నా సాయం కావాలా?" అని అడగండి, వద్దంటే ఊరుకోండి. కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్ళు ఓపిక లేదు అంటే, చూస్తే అలా లేరే అనకండి. పొగడ్త అనుకుని అంటారు చాలామంది. చెల్లికి ఆ మాట వింటే సాక్ష్యం తెమ్మన్నట్టు ఉంటుందట. మనం నమ్మితే పోయేది ఒక బస్సు సీటు, అంతకంటే ఎక్కువేం కాదు. ఎవరో ఒకరు మోసం చేస్తే చేయనివ్వండి.

చెల్లి అత్తగారి గురించి చెడుగా రాశాను కాబట్టి ఇదీ చెప్పాలి. రెండేళ్ళ కిందట ఆవిడకి కరెంటు షాకు కొట్టింది, గ్రైండరు తీగ తొడుగు ఊడిపోయి. పెద్దగా ఏం కాలేదు. బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు ఆ తీగ చూపించి ఏదో వివరిస్తుంటే, మా బావ, "అమ్మా, డాక్టరు చెప్పింది ఇదే, దాని నరాలు ఇట్టాగే ఉన్నాయి" అన్నాడట. ఆవిడ ఆ తీగని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసిందట. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా "మా కోడలికి లోపల వైరింగు పోయింది" అని చెబుతోంది. మొన్న పక్కింటావిడ, చూస్తే అట్టా లేదే అంటే, "గోడలో వైరు నీకు కనపడుద్దా?" అని గద్దించిందట. చెల్లి ఫోన్లో ఇది చెప్పి తెగ నవ్వింది. ఆ రోజు వంట అత్తగారే చేసిందట. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిందట, ఎవరూ నోరెత్తలేదట.